ఆపగలిగినంత వేగమే మన వేగం

నా ఉద్యోగ జీవితమంతా బాలానగర్, చర్లపల్లి షెడ్లలో, విజయవాడ ఆటోనగర్‌లో యంత్రాలు కట్టేవాళ్ల మధ్యే గడిచింది. కారం, పసుపు, నూనె, షాంపూ పొట్లాల్లో నింపే యంత్రాలకు కంట్రోలర్ బోర్డులు చేయడం, వాటికి ప్రోగ్రాం రాయడం నా పని. 8051తో మొదలై పీఐసీ, ఏవీఆర్ మీదుగా ఇవాళ్టి ఎస్‌టీఎం32 దాకా చిప్పులు మారుతూ వచ్చాయి. షాఫ్ట్ మీద ఉన్న బరువు గుణం మాత్రం ఏమీ మారలేదు. కదలనిది కదలనంటుంది, కదిలేది ఆగనంటుంది.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు ఒక్క సాయంత్రంలో మోటార్ తిప్పడం నేర్చుకుంటున్నారు. చూస్తే ముచ్చటేస్తుంది. కానీ మోటార్‌ను తిప్పడం వేరు, దానికి తగిలించిన బరువును చెప్పిన సమయానికి చెప్పిన చోట నిలపడం వేరు. ఆ రెండోది నేర్చుకోవాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

అన్నిటికీ ఒకే ఉదాహరణ తీసుకుందాం. పౌచ్ ప్యాకింగ్ యంత్రంలో ఫిల్మ్‌ను కిందికి లాగే రోలర్ ఒకటి ఉంటుంది. దాన్ని తిప్పేది స్టెప్పర్ మోటార్. ఒక చుట్టుకు 200 స్టెప్పులు. డ్రైవర్‌లో 16 మైక్రోస్టెప్పులు పెడితే చుట్టుకు 3,200 పల్సులు. రోలర్ చుట్టుకొలత 160 మిల్లీమీటర్లు, అంటే మిల్లీమీటరుకు 20 పల్సులు. పౌచ్ పొడవు 100 మిల్లీమీటర్లు, కాబట్టి పౌచ్‌కు 2,000 పల్సులు. నిమిషానికి 60 పౌచ్‌లు రావాలి. నింపడానికి, సీలు వేయడానికి పోగా ఫిల్మ్ లాగడానికి మనకు మిగిలేది 0.4 సెకను.

1. లెక్క ఆగడం దగ్గర మొదలుపెట్టండి

ఎంత వేగంగా పోవాలో ముందు నిర్ణయించి, ఆగడం సంగతి తర్వాత చూద్దామనుకుంటే ప్రోగ్రాం ఎప్పటికీ కుదురుకోదు. ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: ఇప్పుడున్న వేగం నుంచి ఆగాలంటే ఎన్ని పల్సులు పడతాయి? వేగాన్ని వేగంతోనే గుణించి, రుణ త్వరణానికి రెట్టింపుతో భాగిస్తే ఆ సంఖ్య వస్తుంది. మన రోలర్ సెకనుకు 7,500 పల్సుల వేగంతో పోతూ, సెకనుకు 56,250 పల్సుల చొప్పున వేగం తగ్గించుకోగలిగితే, ఆగడానికి 500 పల్సులు కావాలి. మిగిలిన పల్సులు 500కు దిగిన క్షణాన వేగం తగ్గించడం మొదలుపెట్టాలి.

ఈ ఒక్క పరీక్షను ప్రతి పల్సుకూ చేస్తే చాలా చిక్కులు వాటంతటవే విడిపోతాయి. దూరం తక్కువైతే పూర్తి వేగం అందుకోకముందే మిగిలిన దూరం, ఆగే దూరం సమానమవుతాయి. అప్పుడు వేగం సగంలోనే శిఖరం తాకి దిగుతుంది. దానికి వేరే కోడ్ రాయక్కర్లేదు. నడుస్తుండగా ఆపరేటర్ పౌచ్ పొడవు మార్చినా అదే పరీక్ష పనికొస్తుంది.

వేగం రెట్టింపైతే ఆగే దూరం నాలుగింతలవుతుందన్నది కూడా ఇదే సూత్రం చెబుతుంది. హోమ్ స్విచ్ తగలగానే ఆగాల్సిన చోట దీన్ని మరిచిపోతే, స్విచ్ దాటి లోహానికి లోహం కొట్టుకుంటుంది. అందుకే హోమింగ్‌లో ముందు కాస్త వేగంగా వెళ్లి స్విచ్‌ను పట్టుకోవాలి, వెనక్కి జరగాలి, మళ్లీ చాలా మెల్లగా వచ్చి అసలు స్థానం తీసుకోవాలి. స్విచ్ తర్వాత ఆగే దూరానికి సరిపడా ఖాళీ యంత్రంలో ఉందో లేదో టేపు పెట్టి కొలవండి.

2. మోటార్‌ను మీరు అడిగేది టార్క్

వేగం పెంచమని మనం కోడ్‌లో రాస్తాం. షాఫ్ట్ దగ్గర అది టార్క్ అడగడం అవుతుంది. జడత్వాన్ని కోణీయ త్వరణంతో గుణిస్తే వచ్చేదానికి ఘర్షణ, ఫిల్మ్ లాగుడు కలిపితే మోటార్ ఇవ్వాల్సిన టార్క్ తేలుతుంది.

0.4 సెకనులో 2,000 పల్సులు రకరకాలుగా పంచవచ్చు. సమయంలో సగం వేగం పెంచుతూ, సగం తగ్గిస్తూ పోతే శిఖర వేగం 10,000 పల్సులు, త్వరణం 50,000. సమయాన్ని మూడు సమాన భాగాలు చేసి, మొదటి భాగంలో పెంచి, రెండో భాగం ఒకే వేగంతో నడిపి, మూడో భాగంలో తగ్గిస్తే శిఖర వేగం 7,500, త్వరణం 56,250. త్వరణం ఎనిమిదో వంతు పెరిగింది, శిఖర వేగం నాలుగో వంతు తగ్గింది. స్టెప్పర్‌కు వేగం పెరిగేకొద్దీ టార్క్ పడిపోతుంది కాబట్టి ఈ రెండో పద్ధతే ఎక్కువ యంత్రాల్లో మేలు. ఎక్కడ మొదలుపెట్టాలో తోచనప్పుడు మూడు సమాన భాగాలతో మొదలుపెట్టండి.

సెకనుకు 56,250 పల్సుల త్వరణమంటే సుమారు 110 రేడియన్ల కోణీయ త్వరణం. 51 మిల్లీమీటర్ల వ్యాసం, 200 మిల్లీమీటర్ల పొడవున్న గట్టి ఉక్కు రోలర్ జడత్వం కిలోగ్రామ్-మీటర్ స్క్వేర్‌లలో దాదాపు 0.001. దాన్ని ఆ త్వరణంతో కదపడానికే 0.11 న్యూటన్ మీటర్ల టార్క్ పోతుంది. ఫిల్మ్‌ను 10 న్యూటన్ల బలంతో లాగాల్సి వస్తే మరో 0.25 కావాలి. ఈ రెండు సంఖ్యలూ కాగితం మీద పెట్టుకున్నాకే మోటార్ కొనండి.

ఇక యజమాని వచ్చి, "నిమిషానికి 120 చేయండి సార్, స్పీడు పెంచడమే కదా" అంటారు. లాగే సమయం సగమైతే వేగం రెండింతలు, త్వరణం నాలుగింతలు అవుతుంది. జడత్వం కోసం ఇవ్వాల్సిన టార్క్ కూడా నాలుగింతలే. ఈ మాట ఆయనకు అర్థమయ్యేలా చెప్పడం మన ఉద్యోగంలో భాగం. కోడ్‌లో సంఖ్య మార్చి సరేననడం ఆయనకు మేలు చేయదు.

3. పల్సుల మధ్య వ్యవధిని సమానంగా తగ్గించకండి

కొత్తగా రాసేవాళ్లలో చాలామంది వేగాన్ని క్రమంగా పెంచే ర్యాంప్‌ను ఇలా కడతారు: మొదటి వ్యవధి 2,000 మైక్రోసెకన్లు, ప్రతి పల్సుకూ 10 తగ్గిస్తూ 200 దాకా తేవడం. కోడ్ చూడటానికి నున్నగా ఉంటుంది. మోటార్ మాత్రం చివర్లో కేకపెట్టి ఆగిపోతుంది. అప్పుడు డ్రైవర్ మార్చడం, కరెంట్ పెంచడం, మోటార్ మంచిది కాదని తిట్టడం మొదలవుతుంది.

లెక్క వేసి చూడండి. 2,000 నుంచి 1,990కి తగ్గినప్పుడు వేగం సెకనుకు 500 నుంచి 502.5కు పెరిగింది. అది జరిగింది 2 మిల్లీసెకన్లలో. 210 నుంచి 200కు తగ్గినప్పుడు వేగం 4,762 నుంచి 5,000కు ఎగిరింది. అది జరిగింది 0.2 మిల్లీసెకనులో. వ్యవధి పదో వంతుకు వచ్చేసరికి త్వరణం సుమారు వెయ్యి రెట్లయింది. మొదట్లో టార్క్ పుష్కలంగా ఉన్నప్పుడు దాన్ని వాడుకోలేదు. చివర్లో టార్క్ అడుగంటినప్పుడు వెయ్యి రెట్లు అడిగాం. ఆ మోటార్ తప్పేమీ లేదు.

4. సరైన వ్యవధులు వర్గమూలంలో ఉన్నాయి

త్వరణం స్థిరంగా ఉంటే, ఎన్నో పల్సు ఎప్పుడు పడాలన్నది ఆ పల్సు సంఖ్య వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. మన రోలర్‌కు మొదటి పల్సు 5.96 మిల్లీసెకన్ల దగ్గర, రెండోది 8.43 దగ్గర, మూడోది 10.33 దగ్గర, నాలుగోది 11.93 దగ్గర పడాలి. వ్యవధులుగా చూస్తే 5.96, 2.47, 1.90, 1.60. మొదట్లో భారీగా తగ్గి, తర్వాత తగ్గుదల చిన్నదవుతూ పోతుంది. సమానంగా తగ్గించే పద్ధతికి ఇది పూర్తిగా ఎదురు.

8051 రోజుల్లో ఈ వ్యవధులను ముందే లెక్కగట్టి ఈప్రామ్‌లో పట్టికగా కాల్చేవాళ్లం. త్వరణం మారితే పట్టిక మార్చాల్సిందే. నడుస్తుండగానే లెక్కగట్టే దారిని 2005 ప్రాంతంలో డేవిడ్ ఆస్టిన్ అనే ఇంజనీరు ఒక వ్యాసంలో అందరికీ అందుబాటులోకి తెచ్చారు. పాత వ్యవధికి రెట్టింపును, పల్సు సంఖ్యను నాలుగుతో గుణించి ఒకటి కలిపితే వచ్చేదానితో భాగించి, వచ్చినదాన్ని పాత వ్యవధిలోంచి తీసేస్తే కొత్త వ్యవధి వస్తుంది. వర్గమూలం అవసరం లేదు, ఒక్క భాగహారం చాలు. ఈ అంచనా మొదటి అడుగులోనే కాస్త ఎక్కువ తప్పుతుంది. దాన్ని సరిదిద్దడానికి మొదటి వ్యవధిని 0.676తో గుణించాలి. ఆట్మెల్ సంస్థ ఏవీఆర్446 అప్లికేషన్ నోట్, మైక్ మెకాలీ రాసిన యాక్సెల్‌స్టెప్పర్ లైబ్రరీ రెండూ ఈ పద్ధతి మీదే నిలబడ్డాయి.

లైబ్రరీ వాడటంలో తప్పేమీ లేదు. కానీ ఈ నాలుగు వ్యవధులను ఒకసారి చేత్తో లెక్కగట్టి, ఆసిలోస్కోప్ మీద వస్తున్నవాటితో పోల్చి చూడండి. ఒక్కసారి అలా చూసినవాళ్లకు ఆ తర్వాత ర్యాంప్‌లో తేడా ఎక్కడున్నా కంటికి ఆనుతుంది.

5. పల్సును టైమర్‌కు అప్పగించండి

డిలే పెట్టి పల్సులు ఇచ్చే కోడ్ బల్ల మీద బాగానే నడుస్తుంది. దానికి డిస్‌ప్లే, కీప్యాడ్, సీలింగ్ హీటర్ చేర్చగానే పల్సులు తడబడతాయి. తడబడిన ప్రతి పల్సూ మోటార్‌కు ఉన్నట్టుండి వేగం తగ్గించి మళ్లీ పెంచమన్న ఆజ్ఞే. అందుకే పల్సు ఎప్పుడు పడాలన్నది హార్డ్‌వేర్ టైమర్ చూసుకోవాలి. మెయిన్ ప్రోగ్రాం ఎంత వేగం, ఎంత దూరం అన్నది చెబితే చాలు.

ఆర్డుయినో ఊనోలోని ఏటీమెగా328పీ గడియారం 16 మెగాహెర్ట్జ్. దాని 16 బిట్ల టైమర్ 65,535 వరకే లెక్కపెడుతుంది. మన మొదటి వ్యవధి 5.96 మిల్లీసెకన్లు నేరుగా లెక్కిస్తే 95,000 దాటుతుంది, టైమర్‌లో పట్టదు. గడియారాన్ని 8తో భాగిస్తే అది 11,926 అవుతుంది, పడుతుంది. కానీ చివరి వ్యవధి 267కు దిగుతుంది. అంటే అక్కడ వేగాన్ని ఇంచుమించు 0.4 శాతం మెట్లలోనే మార్చగలం. ఫిల్మ్ లాగడానికి అది చాలు. మీ యంత్రానికి చాలుతుందో లేదో మీరే లెక్క చూసుకోవాలి.

7,500 పల్సుల వేగం దగ్గర ఒక్కో పల్సుకు మీ చేతిలో ఉండేవి 2,133 గడియారపు టిక్కులే. ఏవీఆర్‌లో భాగహారానికి వేరే సర్క్యూట్ లేదు. 32 బిట్ల భాగహారం ఒక్కటే వందల టిక్కులు తింటుంది. దశాంశాల లెక్కలు కూడా సాఫ్ట్‌వేర్‌లోనే జరుగుతాయి. యాక్సెల్‌స్టెప్పర్ లాంటి మంచి లైబ్రరీ కూడా ఆ చిప్పు మీద సెకనుకు సుమారు 4,000 పల్సుల దగ్గర ఆగిపోతుందని దాని పత్రాల్లోనే ఉంది. చుట్టుకు 3,200 పల్సుల లెక్కన అది నిమిషానికి 75 చుట్లు. మనకు కావాల్సింది 140. కాబట్టి ఇంటరప్ట్‌లో పూర్ణాంకాల లెక్క పెట్టుకోవాలి, లేదా మైక్రోస్టెప్పులు తగ్గించాలి, లేదా పెద్ద చిప్పుకు వెళ్లాలి.

ఇంటరప్ట్‌లో సీరియల్‌కు ఏదీ పంపకండి, ఎవరికోసమూ ఎదురుచూడకండి. మెయిన్ ప్రోగ్రాంతో పంచుకునే ప్రతి వేరియబుల్‌నూ వోలటైల్‌గా ప్రకటించండి. 8 బిట్ల చిప్పులో 32 బిట్ల స్థానాన్ని నాలుగు ముక్కలుగా చదువుతుందని గుర్తుంచుకోండి. స్థానం 65,535 నుంచి 65,536కు మారే సందులో చదివితే మీకు 1,31,071 కనిపించవచ్చు. నెలకోసారి యంత్రం పిచ్చిగా పరుగెత్తిందని ఫోన్ వస్తే, వెతకాల్సిన మొదటి చోటు ఇదే. చదివేముందు ఇంటరప్ట్‌లు ఆపి, చదివాక మళ్లీ తెరవండి.

6. డేటాషీట్‌లో రెండు గీతలు ఉంటాయి

స్టెప్పర్ డేటాషీట్‌లో వేగాన్ని బట్టి టార్క్ ఎలా తగ్గుతుందో చూపే గ్రాఫ్ ఉంటుంది. లోపలి గీత పుల్-ఇన్, బయటి గీత పుల్-అవుట్. లోపలి గీత కింద ర్యాంప్ లేకుండానే మోటార్ మొదలవగలదు, ఆగగలదు. రెండు గీతల మధ్యకు ర్యాంప్ పట్టుకునే వెళ్లాలి, ర్యాంప్ పట్టుకునే రావాలి. అక్కడ నడుస్తుండగా పల్సులు ఠక్కున ఆపేస్తే రోటర్ ముందుకు జారి స్థానం పోతుంది. లోపలి గీతను షాఫ్ట్ మీద బరువు లేకుండా కొలిచి ఉండవచ్చు. మీ రోలర్ తగిలించాక అది ఇంకా కుంచించుకుపోతుంది.

బయటి గీత చూపే టార్క్‌లో సగమే మీదనుకోండి. మిగతా సగం బిగిసిన బేరింగ్‌కు, తగ్గిన వోల్టేజీకి, కొత్త ఫిల్మ్ రోలు బరువుకు దాచిపెట్టండి. ఎక్కువ వేగంలో టార్క్ చాలకపోతే సప్లై వోల్టేజీ చూడండి. వేగం పెరిగినప్పుడు కాయిల్ ఇండక్టెన్స్ వల్ల కరెంట్ నిండటానికి సమయం చాలదు. వోల్టేజీ పెంచితే త్వరగా నిండుతుంది. కరెంట్‌ను డ్రైవరే అదుపు చేస్తుంది. ఏ4988కు 35 వోల్టులు, డీఆర్‌వీ8825కు 45 వోల్టులు పరిమితి. దాని దరిదాపులకు వెళ్లకండి. సప్లై వైర్ల పక్కనే, డ్రైవర్‌ను ఆనుకుని ఒక పెద్ద ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ పెట్టండి. కరెంట్ ఉండగా మోటార్ వైరు ఎన్నడూ పీకకండి.

తక్కువ వేగంలో మోటార్ గరగరమనే చోటు ఒకటి ఉంటుంది. అది రెజొనెన్స్. అక్కడ స్థిరంగా నడపకండి, త్వరగా దాటిపోండి.

7. ఎంత తప్పిందో చూస్తే ఎక్కడ తప్పిందో తెలుస్తుంది

స్టెప్పర్ రోటర్‌కు 50 పళ్లు. పట్టు తప్పితే అది పక్క పంటికి వెళ్లి కూర్చుంటుంది. అంటే నాలుగు పూర్తి స్టెప్పులు, 7.2 డిగ్రీలు. మన రోలర్ మీద అది 64 పల్సులు, 3.2 మిల్లీమీటర్లు. పౌచ్ మీద అచ్చు 3.2, 6.4, 9.6 ఇలా జరిగి ఉంటే మోటార్ పట్టు తప్పింది. ర్యాంప్, టార్క్, సప్లై చూడండి.

ప్రతి పౌచ్‌కూ ఒకే దిక్కుకు కొద్దికొద్దిగా జరుగుతుంటే మోటార్ బాగానే ఉంది. మిల్లీమీటర్లను పల్సులుగా మార్చేటప్పుడు తెగిపోతున్న భిన్నాన్నో, రోలర్ అసలు వ్యాసాన్నో చూడండి. వెనక్కీ ముందుకీ తిరిగే యంత్రంలో దిశ మారిన ప్రతిసారీ ఒక్క పల్సు తేడా వస్తుంటే, డైరెక్షన్ పిన్ మార్చాక పల్సు ఇవ్వడానికి తగినంత విరామం ఇస్తున్నారా అని చూడండి. డీఆర్‌వీ8825కు కనీసం 650 నానోసెకన్లు కావాలి. వేగమైన చిప్పుకు మారినప్పుడు పాత కోడ్‌లో ఈ లోపం ఉన్నట్టుండి బయటపడుతుంది.

ఏ లెక్కకూ అందకుండా జరుగుతుంటే ఫిల్మ్ రోలర్ మీద జారుతోంది. దానికి ప్రోగ్రాంలో మందు లేదు. రబ్బరు రోలర్ ఒత్తిడి సరిచూసి, ఫిల్మ్ మీది గుర్తును ఫొటో సెన్సర్‌తో పట్టుకుని ప్రతి పౌచ్‌కూ సరిచేయాలి.

8. త్వరణం కూడా మెల్లగా మారాలి

అనుభవం ఉన్న ఆర్టీసీ డ్రైవర్ బస్సు ఆగబోయే ముందు బ్రేకు మీద కాలు కాస్త తేలిక చేస్తాడు. నిలబడ్డ ప్రయాణికుడు తూలడు. వేగం తగ్గడం కన్నా, ఆ తగ్గుదల ఉన్నట్టుండి మాయమవడమే మనిషిని కుదుపుతుంది. సాదా ర్యాంప్‌లో ఆ కుదుపు నాలుగుసార్లు ఉంటుంది: ఎక్కడం మొదలైనప్పుడు, ముగిసినప్పుడు, దిగడం మొదలైనప్పుడు, ముగిసినప్పుడు. మూత పెట్టని నూనె సీసాలు బెల్టు మీద పోతుంటే ఆ నాలుగు చోట్లా తొణుకుతాయి. పొడవాటి చేయి ఉన్న యంత్రమైతే ఆగాక కూడా ఊగుతూనే ఉంటుంది, సీలు వేసే జా అది తేరుకునేదాకా ఆగాలి.

ఎస్-కర్వ్ దీనికి జవాబు. త్వరణం సున్నా నుంచి క్రమంగా పెరిగి, క్రమంగా సున్నాకు వస్తుంది. కానీ ఇది ఊరికే రాదు. అంతే సమయంలో అంతే వేగం అందుకోవాలంటే పూర్తి ఎస్-కర్వ్ మధ్యలో త్వరణం సాదా ర్యాంప్‌కు రెట్టింపు ఉండాలి. టార్క్ అంచుల్లో నడుస్తున్న మోటార్‌కు ఎస్-కర్వ్ పెడితే బాగుపడటానికి బదులు పట్టు తప్పుతుంది. ముందు టార్క్ మిగులు చూడండి, తర్వాతే పెట్టండి. ర్యాంప్ కొసలను మాత్రం కొద్దిగా గుండ్రం చేసినా చాలా యంత్రాలకు సరిపోతుంది.

9. డీసీ మోటార్‌కు కరెంటే కొలత

డీసీ మోటార్‌కు పీడబ్ల్యూఎం ఇచ్చేటప్పుడు పల్సుల లెక్క ఉండదు, కరెంట్ లెక్క ఉంటుంది. 24 వోల్టుల మోటార్, ఆర్మేచర్ నిరోధం అర ఓమ్ అనుకోండి. పూర్తి వేగంలో బ్యాక్ ఈఎంఎఫ్ 22 వోల్టులు ఉంటుంది, కాబట్టి కరెంట్ 4 ఆంపియర్లే. ఆగి ఉన్న మోటార్‌కు ఒక్కసారిగా 24 వోల్టులు ఇస్తే 48 ఆంపియర్లు. పూర్తి వేగంలో ఉండగా దిశ తిప్పేస్తే రెండు వోల్టేజీలూ కలిసి 92 ఆంపియర్లు. మాస్‌ఫెట్లు ఎందుకు పేలుతున్నాయో ఈ మూడు సంఖ్యలు చెబుతాయి. దిశ మార్చాలంటే ముందు ర్యాంప్‌తో సున్నాకు తేవాలి, ఆ తర్వాతే రెండో వైపు.

ఎన్‌కోడర్, పీఐడీ పెట్టినవాళ్లు కూడా లక్ష్య వేగాన్ని ర్యాంప్‌లోనే పెంచాలి. ఒక్కసారిగా పెద్ద లక్ష్యం ఇస్తే ఇంటెగ్రల్ పేరుకుపోయి, మోటార్ లక్ష్యం దాటి దూకుతుంది.

వేగం తగ్గేటప్పుడు తిరిగే బరువులోని శక్తి ఎక్కడికో పోవాలి. హెచ్-బ్రిడ్జి దాన్ని సప్లైలోకి నెడుతుంది. బ్యాటరీ తీసుకుంటుంది. మామూలు ఎస్ఎంపీఎస్ తీసుకోలేదు. వోల్టేజీ పైకెగసి డ్రైవర్‌ను కాలుస్తుంది. వేగం పెంచేటప్పుడు ఏమీ కాని బోర్డు తగ్గించేటప్పుడు పోతుంటే కారణం ఇదే. ర్యాంప్ పొడవు పెంచండి, లేదా వోల్టేజీ హద్దు దాటితే శక్తిని వేడిగా మార్చే బ్రేక్ రెసిస్టర్ పెట్టండి.

మోటార్‌తో నడిచే వీల్‌చెయిర్ లాంటివి చేస్తున్నవాళ్లకు ఒక ప్రత్యేక విన్నపం. అక్కడ త్వరణం అన్న సంఖ్య ఒక మనిషి వెన్నెముకకు తగులుతుంది. ముందు మీరు కూర్చుని చూడండి. తర్వాత వయసు మళ్లినవాళ్లను, మెడ నిలపలేనివాళ్లను దృష్టిలో పెట్టుకుని ఆ సంఖ్యను ఇంకా తగ్గించండి.

10. రెండు మోటార్లు కలిసి నడవాలంటే ర్యాంప్ ఒక్కటే ఉండాలి

ఎక్స్, వై అక్షాల మోటార్లు రెండింటికీ వేర్వేరు ర్యాంప్‌లు పెడితే గీత వంకరపోతుంది. ఎక్కువ పల్సులు నడవాల్సిన మోటార్‌కు ర్యాంప్ పెట్టి, రెండోదాన్ని దాని నిష్పత్తిలో నడిపించాలి. ఐబీఎంలో 1962లో జాక్ బ్రెసెన్‌హామ్ ప్లాటర్ కోసం తయారుచేసిన పద్ధతి ఇందుకు ఇప్పటికీ సాటిలేనిది. కూడికలు, తీసివేతలే, భాగహారం లేదు. నార్వేకు చెందిన సైమెన్ స్వాలె స్కోగ్‌స్రుడ్ 2009లో మొదలుపెట్టిన గెర్బల్ ప్రోగ్రాం అదే పద్ధతిని వాడుతుంది. 2 కిలోబైట్ల ర్యామ్ ఉన్న ఊనో మీద అది రాబోయే కదలికలను ముందే చూసి, ఏ మలుపు దగ్గర వేగం ఎంతకు దించాలో లెక్కగడుతుంది, సెకనుకు 30,000 పల్సుల దాకా ఇస్తుంది. ఆ కోడ్ అందరికీ తెరిచి ఉంది. చిన్న చిప్పు చాలదని ఫిర్యాదు చేసే ముందు కూర్చుని దాన్ని చదవండి.

11. ఫిట్టర్‌తో కూర్చోండి

కోడ్‌లో వారం రోజులు కష్టపడి సాధించేదాన్ని లేత్ మీద ఒక పూటలో సాధించే సందర్భాలు ఉన్నాయి. గట్టి రోలర్ జడత్వం వ్యాసార్ధం నాలుగో ఘాతంలో పెరుగుతుంది. వ్యాసం సగం చేస్తే జడత్వం పదహారో వంతు. అదే ఫిల్మ్ వేగానికి రెట్టింపు తిరగాలి కాబట్టి త్వరణం టార్క్ ఎనిమిదో వంతుకు వస్తుంది. ఉక్కు బదులు అల్యూమినియం వేస్తే బరువు మూడో వంతు. గేరు లేదా టైమింగ్ బెల్టు పెడితే మోటార్‌కు తెలిసే జడత్వం ఆ నిష్పత్తి వర్గంతో తగ్గుతుంది.

ఫిల్మ్ రోలు సంగతీ అంతే. కొత్త రోలును ప్రతి పౌచ్‌కూ కదిపి ఆపడం చిన్న మోటార్ వల్ల కాదు. మధ్యలో డాన్సర్ రోలర్ పెడితే రోలు నిదానంగా తిరుగుతుంది, ఫిల్మ్ మాత్రం వేగంగా కదులుతుంది. ఈ మాటలు ఫిట్టర్‌కు, టర్నర్‌కు మనకన్నా ముందే తెలిసి ఉంటాయి. అడిగితే చెబుతారు. అడగాలి.

12. ఎర్ర బటన్‌ను ప్రోగ్రాంకు వదలకండి

ఎమర్జెన్సీ స్టాప్ నొక్కితే మోటార్‌కు పవర్ హార్డ్‌వేర్ ద్వారానే తెగాలి. చిప్పు వేలాడిపోయినా, ఇంటరప్ట్ ఇరుక్కున్నా అది పనిచేయాలి. ఐఈసీ 60204-1 ప్రమాణం ఆపే పద్ధతులను విడదీసి చెబుతుంది: కేటగిరీ 0లో పవర్ వెంటనే తెగుతుంది, కేటగిరీ 1లో ముందు అదుపుగా ఆపి, ఆగాక పవర్ తీస్తారు. బరువైన చక్రం తిరుగుతున్న యంత్రంలో పవర్ తీసేస్తే అది చాలాసేపు తనంతట తిరుగుతూనే ఉంటుంది. అలాంటిచోట వేగంగా ర్యాంప్‌తో ఆపి, టైమర్ రిలేతో పవర్ తీయడం మంచిది. నిలువుగా కదిలే బరువుకు పవర్ తీస్తే అది కింద పడుతుంది. దానికి స్ప్రింగ్ బ్రేకు ఉండి తీరాలి. జా మధ్యలో ఎవరి వేళ్లు ఉంటాయో ఊహించుకుని ఈ భాగం రూపొందించండి.

13. చెడ్డ రోజున పరీక్షించండి

ఖాళీ యంత్రం మధ్యాహ్నం పూట బాగా నడవడం పరీక్ష కిందికి రాదు. కొత్త ఫిల్మ్ రోలు ఎక్కించండి. సప్లై వోల్టేజీ పది శాతం తగ్గించండి. గ్రీజు బిగిసి ఉండే చలికాలపు తెల్లవారుజామున మొదటి పౌచ్ నుంచి చూడండి. త్వరణాన్ని కావాల్సినదానికి ఒకటిన్నర రెట్లు పెట్టి వెయ్యి పౌచ్‌లు లాగించండి. షాఫ్ట్ మీద మార్కర్‌తో గీత పెట్టి, అది తిరిగి అదే చోటికి వస్తోందో చూడండి. అక్కడ నిలిస్తే మామూలు విలువకు దించి పంపండి. నిలవకపోతే, ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు కార్మికుడికి రావాల్సిన కష్టం మీ బల్ల మీదే బయటపడిందని సంతోషించండి.

14. సంఖ్య పక్కన కారణం రాయండి

త్వరణం 56,250 అని కోడ్‌లో ఉంటే తర్వాత వచ్చేవాళ్లకు అదొక సంఖ్య మాత్రమే. ఉత్పత్తి పెంచమని ఒత్తిడి వచ్చిన రోజున ముందు మార్చేది దాన్నే. దాని పక్కన కొన్ని వరుసలు రాయండి: ఏ రోలర్, దాని జడత్వం ఎంత, ఏ వోల్టేజీకి మోటార్ టార్క్ ఎంత, అందులో ఎంత వాడాం, పరీక్షలో ఎంత వరకు నిలిచింది. త్వరణాన్ని పల్సుల్లో కాకుండా మిల్లీమీటర్లలో రాసి, మార్పిడి ఒకే చోట పెట్టండి. అప్పుడు మైక్రోస్టెప్పు మార్చినా అర్థం చెడదు. ఆపరేటర్ తెర మీద నిమిషానికి ఎన్ని పౌచ్‌లు అన్నదే చూపించి, పై హద్దు ప్రోగ్రాంలోనే కట్టేయండి.

మనం రాసిన ప్రోగ్రాం మనం ఊరు మారాక, ఉద్యోగం మారాక కూడా నడుస్తూనే ఉంటుంది. దాని ముందు నిలబడి పొట్లాలు అందుకునే మనిషిని మనం చూడం. ఆ మనిషి రోజంతా చేయి పెట్టి తీసే చోట యంత్రం చెప్పిన చోట ఆగుతుందన్న భరోసా మనం ఇవ్వాల్సింది. ఆ భరోసా ఇవ్వగలిగిన వేగం ఎంతో లెక్కగట్టి, అంతే రాయండి.